ఎర్ర సిరాతో దిద్దిన కరపత్రాలు

నా పుస్తకం మొదటి ముద్రణ ముందుమాటలో చాలామందికి కృతజ్ఞతలు చెప్పుకున్నాను. పరిశోధన పర్యవేక్షకుడికి, హైదరాబాద్‌లోని గ్రంథాలయానికి, సెలవు మంజూరు చేసిన ప్రిన్సిపాల్‌కు, నా భార్యకు, ఆఖరికి జగదల్‌పూర్‌లో టైపు చేసిపెట్టిన అమ్మాయికి కూడా. ఉర్దూ మూలాల అనువాదం రచయితదే అని ఒక వాక్యం రాశాను. అది అబద్ధం. నాకు ఉర్దూ కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. అనువాదం చేసినవారు వేరే ఉన్నారు. పుస్తకంలో ఆయన ఊసే లేదు. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటి, పోలీస్ స్టేషన్‌లో నన్ను సూటిగా అడిగినప్పుడు చెప్పవలసింది, చెప్పలేదు. ఆ మాట నేను చెప్పనందుకు ఒక మనిషి జైలుకు పోయాడు.

పరిశోధక విద్యార్థులు నా దగ్గరికి వస్తూ ఉంటారు. బస్తర్‌లో తిరిగి సమాచారం సేకరించడం ఎలా, సమాచారం ఇచ్చినవాళ్ళను కాపాడడం ఎలా అని అడుగుతారు. ఇన్నాళ్ళూ వాళ్ళకు చక్కటి ఉపన్యాసం ఒకటి ఇచ్చి, టీ తాగించి పంపేవాణ్ణి. ఆ ఉపన్యాసం నమ్మిన పిల్లలకు ఇప్పుడు చెబుతున్నాను. దాన్ని చించెయ్యండి. ఇది చదవండి.

మాది శబరి ఒడ్డున, హైవే మీద ఉన్న చిన్న ఊరు. బస్తర్ దక్షిణపు కొసన, కొంటాకు దగ్గరే. పేరు రాయను, ఎందుకో చివర్లో తెలుస్తుంది. మా నాన్న ఇప్పపువ్వు, చింతపండు కొని, ఉప్పు, నూనె, బట్టలు అమ్మేవాడు. ఇంట్లో తెలుగు, దుకాణంలో అడవి ఊళ్ళవాళ్ళ దోర్లీ, బడిలో హిందీ. రాజనీతి శాస్త్రం చదివి, హైవే మీద ఇంకా పైనున్న ఒక ప్రభుత్వ కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం సంపాదించాను. పదోన్నతి కావాలంటే పిహెచ్‌డీ కావాలి. పిహెచ్‌డీ కావాలంటే విషయం కావాలి.

మా ప్రాంతంలో పుట్టినవాడు మా ప్రాంతం గురించి రాయడం కష్టం. అడవిలో ఉన్నవాళ్ళ గురించి ఒక వాక్యం రాస్తే పోలీసులు పిలుస్తారు. పోలీసుల గురించి ఒక వాక్యం రాస్తే అడవిలోంచి పిలుపు వస్తుంది. మధ్యలో మా నాన్న దుకాణం ఉంది. పోలీసు కాపలాతో దారి తెరిచినప్పుడల్లా అడవి లోపలున్న జగర్గుండాకు సరుకు పోవాలి, లారీ క్షేమంగా తిరిగి రావాలి. అందుకని తుపాకి గురించే రాద్దామనుకున్నాను గాని, దూరంగా పేలే తుపాకిని ఎంచుకున్నాను. ఇస్లాం రాజకీయ చింతన, దాని పేరు చెప్పుకొని పుట్టిన సాయుధ ఉద్యమాలు. అదీ నా అంశం. నా ధైర్యం గురించి మీకు మొదటే చెబుతున్నాను.

కాలేజీ స్టాఫ్ రూంలో నన్ను ఆటపట్టించారు. చరిత్ర చెప్పే మిత్రుడు, "లాల్ సలాం ఇంటి గుమ్మంలో ఉంటే మనవాడు సలాము అలైకుం వెతుక్కుంటూ అరేబియా పోతున్నాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను.

విషయం నిజంగా గొప్పది. పాలకుడు దుర్మార్గుడైతే లోబడి ఉండాలా, తిరగబడాలా అని ఆ మతంలోని పెద్దలు వందల ఏళ్ళు వాదించుకున్నారు. అరాచకం కంటే చెడ్డ పాలకుడు నయం అన్నవాళ్ళున్నారు. కాదన్నవాళ్ళున్నారు. అధికారం దేవుడిది అంటే దాన్ని నేల మీద చలాయించేది ఎవరు, వాణ్ణి అడిగేది ఎవరు అన్న ప్రశ్న మీద అల్మరాల కొద్దీ పుస్తకాలున్నాయి. ఆ సుదీర్ఘమైన వాదంలోంచి సాయుధ ముఠాలు తమకు కావలసిన ముక్కలు ఎలా ఏరుకుంటాయో చూపించాలని నా ఆలోచన. పాత గ్రంథాలు పాతబస్తీ దుకాణాల్లో కొన్నాను. కరపత్రాల నకళ్ళు గ్రంథాలయంలో తీయించాను. కొన్ని ఇంటర్నెట్ నుంచి దింపాను. తీరా చూస్తే సగానికి పైగా ఉర్దూలో ఉన్నాయి.

అప్పుడు మా ఊళ్ళో సారు గుర్తొచ్చారు.

ఆయన ఖమ్మం వైపు బడిలో ఉర్దూ చెప్పి రిటైరయ్యారు. భార్య పోయాక మా ఊళ్ళో ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. తుపాకుల గొడవకు లోపలి ఊళ్ళు ఖాళీ అయినప్పుడు బయటికి వచ్చిన పిల్లల కోసం సర్కారు రేకుల గదుల్లో హాస్టలు బళ్ళు పెట్టింది. సారు కూతురు అలాంటి బడిలో కాంట్రాక్టు టీచరు. ఖాళీగా ఉండలేక సారు ఇంటి ముందు గదిలో నోటుపుస్తకాలు, పెన్నులు, తెల్లకాగితం కట్టలు పెట్టుకొని అమ్మేవారు. ఇంకుసీసా కొనడానికి వచ్చిన పిల్లవాడికి ఎక్కం అప్పజెప్పనిదే సరుకు ఇచ్చేవారు కాదు. వ్యాపారం ఎలా సాగేదో మీరే ఊహించుకోండి.

ఆదివారం పొద్దున్నే పోయేవాణ్ణి. దుకాణం వెనక గదిలో చాప మీద కూర్చునేవాళ్ళం. ఆయన ఒక పేరా ఉర్దూలో పైకి చదివి తెలుగులో చెప్పేవారు. నేను రాసుకునేవాణ్ణి. పాత గ్రంథాలు చదివేటప్పుడు ఆయన గొంతు తగ్గేది. కరపత్రం చేతికి రాగానే తిట్లు మొదలయ్యేవి.

"ఏంది బాబూ ఇది? నా తొమ్మిదో తరగతి పిల్లలు ఇంతకంటే నయం రాస్తరు. వీనికి రాజ్యం కావాల్నంట. ముందు పేరా పూర్తి చెయ్యమను."

"తిట్టకుండా చెప్పండి సార్. రాసుకోవాలి."

"తిట్టు కూడ రాసుకో. తాత్పర్యం అదే."

బడి వదిలినా ఆయన ఎర్ర పెన్ను వదల్లేదు. చదువుతూ చదువుతూ తప్పు కనిపించిన చోటల్లా గీత గీసేవారు, పక్కన ఉర్దూలో ఏదో గిలికేవారు. నకళ్ళే కదా అని నేనూ ఊరుకున్నాను, చదివినవి ఆయన దగ్గరే వదిలి పోయేవాణ్ణి.

ఒక రోజు ఒక కరపత్రంలో పాత పండితుడి వాక్యం వచ్చింది. అన్యాయం చేసే పాలకుడి మీద ఆయుధం ఎత్తవచ్చు అని. సారు చదవడం ఆపేశారు. లేచి నేను కొన్న లావు పుస్తకం తీసి, పేజీలు తిప్పి, నా ముందు పడేశారు.

"ఇదుగో, అసలు మాట ఇక్కడున్నది. తిరగబడొచ్చు అన్నడు. ఆ తర్వాత 'అయితే' అన్నడు. చూడు, ఆ 'అయితే' తర్వాత పేజీ నిండ షరతులే. తిరుగుబాటుతోని అయ్యే నష్టం పాలకుడు చేసే నష్టం కంటే ఎక్కువ కావొద్దు. పాపం ఎరుగనోళ్ళ జోలికి పోవొద్దు. ఇట్ల. వీడేం చేసిండు? షరతులు కోసేసి తీర్పు ఒక్కటే అమ్ముతుండు. మీ నాయన తూకం లేకుండ ఇప్పపువ్వు అమ్ముతడా?"

"అమ్మడు సార్."

"వీడు ప్రాణాలు అమ్ముతుండు, తూకం లేకుండ."

అని ఎర్ర పెన్ను తీసి, పక్కన 'షరతు ఏదీ?' అని ఉర్దూలో రాసి, కింద పరీక్ష పేపరుకు వేసినట్టు పెద్ద సున్నా వేసి, దాని చుట్టూ మళ్ళీ గుండ్రంగా గీశారు.

"ఫెయిల్" అన్నారు.

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పటి నుంచి ప్రతి కరపత్రానికీ మార్కులు వేశారు. అన్నీ సున్నాలే. నా పుస్తకంలో అందరూ మెచ్చుకున్న నాలుగో అధ్యాయం, ముఠాలు షరతులను ఎలా కత్తిరిస్తాయో చూపించిన అధ్యాయం, అలా పుట్టింది. ఆలోచన ఆయనది. అడుగున పెట్టిన పేరు నాది.

ఆయన అక్కడితో ఆగేవారు కాదు. "దూరపు సంగతి అయినంక దగ్గరి సంగతి కూడ రాయి బాబూ. షరతులు కోసేసి తుపాకి పట్టినోళ్ళు ఈడ అటూ ఉన్నరు, ఇటూ ఉన్నరు" అన్నారొకసారి.

"మెల్లగా మాట్లాడండి సార్" అన్నాను.

"చూసినవా? ఎంత చదివినా నువ్వు శేఠ్ కొడుకువే."

ఆ రోజే ఆయన దగ్గర మాట తీసుకున్నాను. నేను ఆయన పేరు ఎక్కడా రాయను, ఆయన నా పని గురించి బయట ఎవరికీ చెప్పకూడదు. పరిశోధనలో ఇది నియమం అని చెప్పాను. సమాచారం ఇచ్చినవాళ్ళ క్షేమం కోసం పేర్లు దాచాలి, నిజమే, నియమం ఉంది. కానీ నా భయం అది కాదు. ఉర్దూ రానివాడు ఉర్దూ మూలాల మీద పరిశోధన ఏం చేశాడని పరీక్షకులు నిలదీస్తారని నా భయం. నియమాన్ని అడ్డం పెట్టుకున్నాను.

"చదువు చెప్పించుకోవడం దొంగతనమా ఏంది?" అని నవ్వారు. "సరే, జబాన్ ఇచ్చిన, పో."

ఆయన జబాన్‌కు ఎంత విలువ ఉందో నాకప్పుడు తెలియదు. నా మాటకు ఎంత విలువ ఉందో అంతే ఉంటుందనుకున్నాను.

తర్వాత ఒక వేసవిలో తర్రెం వైపు అడవిలో కాల్పులు జరిగాయి. అలాంటివి జరిగినప్పుడల్లా హైవే మీద దుకాణాలు వెతకడం మామూలు. మందుల షాపులు, బ్యాటరీలు అమ్మే షాపులు, స్టేషనరీ షాపులు. తెల్లకాగితం కట్టలుగా అమ్మితే అది కరపత్రాలకు పోతుందని అనుమానం. సారు దుకాణానికీ అందుకే వచ్చారు. ఎర్ర కరపత్రాల కోసం వచ్చినవాళ్ళకు అర కింద నా నకళ్ళు దొరికాయి. పై అట్ట మీద తుపాకి బొమ్మ ఉంది. లోపలంతా ఉర్దూ. ఉర్దూ నిండా ఎర్ర గీతలు.

మర్నాడు ప్రిన్సిపాల్ పిలిచారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"మీ ఊళ్ళో ఉర్దూ కాగితాలు దొరికాయట. జిల్లాలో ఆ సబ్జెక్టు తెలిసినవారు మీరొక్కరే. స్టేషన్ నుంచి ఫోన్. మీరు పోయి చదివిపెట్టాలి. డిపార్ట్‌మెంట్‌కు ఎంత గౌరవం!"

నా కాగితాలు చదివి అందులో ఏముందో చెప్పడానికి నన్నే నిపుణుడిగా పిలిచారు. ఇంతకంటే వింత ఉద్యోగ జీవితంలో నాకు జరగలేదు. ఆ గదిలోనే "అవి నావి సార్" అనవచ్చు. ఆయన కుర్చీలోంచి పడిపోయేవారు గాని, ఇంకేం కాదు. నేను, "బస్సు ఎన్నింటికి ఉంది సార్?" అని అడిగాను.

స్టేషన్ వరండాలో బెంచీ మీద సారు కూర్చుని ఉన్నారు. చొక్కా నలిగి ఉంది. నన్ను చూడగానే ముఖం విచ్చుకుంది.

"వచ్చినవా బాబూ. మంచిగైంది."

నేను దారిన పోయేవాళ్ళకు ఊపినట్టు తల ఊపి లోపలికి పోయాను.

స్టేషన్ ఇన్‌చార్జిని మా వైపు టీఐ అంటారు. మనిషి మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. హిందీలో అడిగాడు, "బయట ఉన్నాయన మీకు పరిచయమా?"

"ముఖ పరిచయం సార్. మా ఊరివారే కదా."

"మా దగ్గర గోండీ వచ్చినవాడున్నాడు, తెలుగు వచ్చినవాడున్నాడు, ఉర్దూ చదివేవాడు లేడు. ఊళ్ళో ఉర్దూ వచ్చినవాడు ఆ బెంచీ మీద ఉన్నాడు." నవ్వాడు. "చూడండి ప్రొఫెసర్ సాబ్, ఇవి ఆ బాపతు కాగితాలేనా?"

అవునన్నాను. ఏ ముఠావి, ఏ ఆలోచనా ధారకు చెందినవి, పాత చింతనలోంచి ఏమేం తీసుకున్నాయి, అన్నీ వివరంగా చెప్పాను. నా గొంతు క్లాసులో ఉన్నంత నిబ్బరంగా ఉంది. ఒక్క తప్పు మాట లేదు. అదే ఇవాళ నా ఒళ్ళు మండించేది. అబద్ధం చెప్పినవాడు కనీసం వణుకుతాడు. నేను నిజాలు ఏరుకుని చెబుతున్నాను. షరతులు కత్తిరించేవాళ్ళ మీద అధ్యాయం రాసినవాణ్ణి.

టీఐ వేలు పెట్టి చూపించాడు. "ఈ ఎర్ర గీతలేమిటి? ముఖ్యమైన చోట్ల గీసుకున్నాడా?"

"చేతిరాత ఉర్దూ నాకు కష్టం సార్."

"ఈ సున్నా? ప్రతి కాగితం మీదా ఉంది. ఇదేమైనా కోడా?"

తలుపు తెరిచే ఉంది. బయటి నుంచి సారు గొంతు గట్టిగా వినిపించింది.

"కోడ్ కాదు సాబ్! మార్కు! వాడు తప్పు రాసిండు, నేను ఫెయిల్ చేసిన!"

గుమ్మం దగ్గరున్న జవాన్లు పకపకా నవ్వారు. టీఐకి కోపం వచ్చింది. తనను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు. సారును లోపలికి పిలిపించాడు.

"రాసింది నువ్వే, అర్థం చెప్పేదీ నువ్వేనా?" అని, నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి సాబ్. ఈయన చెప్పేది నిజమేనా? ఇక్కడ రాసిన మాట ఏమిటి?"

'షరతు ఏదీ?' అని రాసి ఉంది. ఆ మాట నా ఎదుటే రాశారు. ఆ సున్నా చూసి నేను కడుపుబ్బ నవ్వాను. నేను చెప్పవలసినవి మూడే మాటలు. అవి నా కాగితాలు.

"చెప్పలేను సార్" అన్నాను.

సారు నన్ను చూడలేదు. చూసి ఉంటే టీఐ కనిపెట్టేవాడు. అంత జాగ్రత్త పడ్డారు ఆ మనిషి, ఆ క్షణంలో కూడా.

"ఇవి నీకెవరిచ్చారు?" అని టీఐ అడిగాడు.

"పరిశోధన చేసేటాయన ఇచ్చిండు. పేరు చెప్పనని మాటిచ్చిన. చెప్పేదుంటే ఆయనే చెప్తడు."

టీఐ అదంతా కట్టుకథ అన్నట్టు నా వైపు చూసి నవ్వి, కాగితం మీద రాసుకున్నాడు. ఆ మాత్రం సమయం నాకు దొరికింది. ఫ్యాను కేసి చూస్తూ కూర్చున్నాను. తర్వాత నేను చెప్పినదంతా టైపు చేసి తెచ్చారు. చదివి సంతకం పెట్టాను. ఒక అక్షర దోషం ఉంటే దిద్దాను కూడా.

వానలు పోయి చలి ముదిరేదాకా ఆయన జైల్లో ఉన్నారు. చివరికి కేసు నిలబడలేదు, వదిలేశారు. అందులో నా గొప్పతనం ఏమీ లేదు. రాయ్‌పూర్‌లో ఉర్దూ తెలిసిన అధికారి ఎవరో ఆ కాగితాలు చదివాడట. చదివి నవ్వాడట. నేను మొదటి రోజే చేయగలిగిన పని అది.

ఈలోగా జరగవలసినవన్నీ జరిగాయి. పత్రికల్లో ఫొటో వేశారు. సరిహద్దు ఊళ్ళో అంతర్జాతీయ కుట్ర అన్నారు. అడవికీ అరేబియాకూ ఈ మాస్టారు వంతెన అని ఒక టీవీ వాడు పటం గీసి చూపించాడు. ఎర్ర పెన్నుతో పిల్లల పేపర్లు దిద్దుకునే ముసలాయన! నాకు అందులో ప్రతి వాక్యం ఎందుకు తప్పో తెలుసు. వాళ్ళ మీద పళ్ళు కొరుకుతూ టీవీ చూశాను. ఆ పటం గీయడానికి వాళ్ళు వాడుకున్నది నా సంతకం పెట్టిన అభిప్రాయమే అని తెలిసి కూడా.

ఒక్క సంగతి తెలుసుకోండి. అదే కాగితం నా సంచిలో దొరికితే పరిశోధన. ఆయన అర కింద దొరికితే కుట్ర. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో టీఐకి తెలుసు, ప్రిన్సిపాల్‌కు తెలుసు, మా నాన్నకు తెలుసు. రాజ్యం, మతం, హింస అని బోర్డు మీద రాసి పాఠం చెప్పే నాకు అందరికంటే బాగా తెలుసు. ఆ తేడా నీడన నేను చల్లగా కూర్చున్నాను.

దుకాణం మీద ఎవరూ రాళ్ళు వేయలేదు. మా వాళ్ళు అంత మొరటువాళ్ళు కారు. సారు కూతురు తెరిచి కూర్చున్నా కొనడం మానేశారు, అంతే. ఉప్పు, నూనె ఇచ్చే మా నాన్న, ఆ ఇంటికి సరుకు పంపడం ఆపేశాడు. "మనకెందుకురా, ఆ గల్లీలోకి పోకు" అని నాకూ చెప్పాడు. సారు కూతురికి బడిలో కాంట్రాక్టు మళ్ళీ ఇవ్వలేదు. కారణం ఎవరూ చెప్పలేదు.

ఆ అమ్మాయి ఒకసారి కాలేజీకి వచ్చింది. చెట్టు కింద సైకిల్ స్టాండు దగ్గర నిలబడి మాట్లాడింది.

"అన్నా, ఒక్క మాట రాసియ్యి. కాగితాలు నేనే ఇచ్చిన, చదివించుకోనీకె ఇచ్చిన అని. లాయరు అదొక్కటి చాలంటుండు."

నేను ఆమెకు ఏం చెప్పానో రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను. పరిశోధన నీతి ప్రకారం సోర్సు గురించి నేను ఏ అధికారికీ రాసి ఇవ్వకూడదమ్మా, అది మీ నాన్నగారి క్షేమం కోసమే అని చెప్పాను.

ఆమె నా కోసం తెచ్చిన తెల్లకాగితం మడిచి సంచిలో పెట్టుకుంది.

"సోర్సా? మా ఇంట్ల చాయ్ తాగినన్ని రోజులు సార్ అన్నవ్. జైలుకు పోయినంక సోర్స్ అయిండా?"

వెళ్ళిపోయింది. ఆ తర్వాత వాళ్ళు నది దాటి భద్రాచలం వైపు పోయారని విన్నాను.

పరిశోధక మిత్రులారా, పేరు దాచమన్న నియమం మంచిదే. కానీ ఎవరిని కాపాడడానికి దాస్తున్నారో రోజూ చూసుకోండి. ఆయన పేరు దాచితే ఆయనకు రక్షణ అని పుస్తకాల్లో చదివాను. అక్కడ కావలసింది నా పేరు. నా పేరు బయట పడితే ఆయన ఇంటికి పోతారు. సోర్సుకు రక్షణ అనే గొడుగు కింద నేను దూరి, వానలో ఆయన్ను నిలబెట్టాను. అది పరిశోధనా పద్ధతిలో తప్పు కాదు. పద్ధతి అనే మాటతో చేసిన నీచపు పని.

పిహెచ్‌డీ వచ్చింది. పుస్తకం వచ్చింది. పదోన్నతి వచ్చింది. ఉగ్రవాద భావజాలం మీద నిపుణుడని ఎక్కడెక్కడికో పిలిచారు. పోలీసు శిక్షణార్థులకు కూడా పాఠం చెప్పాను. నాలుగో అధ్యాయమే చెప్పేవాణ్ణి. అలాంటి ఒక శిక్షణలో భోజనాల దగ్గర ఆ టీఐ కనిపించాడు. పెద్ద అధికారి అయ్యాడు. కంచం పట్టుకుని నా పక్కకు వచ్చాడు.

"ఆ ముసలాయన గుర్తున్నాడా సాబ్? పాపం, ఏమీ దొరకలేదు. ఆ రోజు ఎవరైనా వచ్చి ఆ కాగితాలు నావి అని ఉంటే సాయంత్రానికే పంపించేసేవాణ్ణి." ఇంకో రొట్టె వేసుకున్నాడు. "ఇవాళ మీ పాఠం బాగుంది. షరతులు కత్తిరించడం, మంచి పాయింటు."

సాయంత్రానికే పంపేవాడో లేదో నాకు తెలియదు. వాళ్ళ మంచితనం కూడా భోజనాల దగ్గరే బయటికి వస్తుంది. ఉర్దూ తెలియకపోతే తెలిసినవాణ్ణి వెతకడానికి అన్ని నెలలు ఎందుకు పట్టిందని ఆయన్ను అడగాలనిపించింది. అడిగే ముఖం నాకు లేదు. ఆ రోజు ఆ గదిలో ఆ ఉర్దూ రాతకు అర్థం తెలిసినవాడు ఉన్నాడు. టీ తాగుతున్నాడు.

కంచం అక్కడే వదిలేసి బయటికి వచ్చాను. స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు పెట్టాను. ప్రచురణకర్తతో పోట్లాడి రాబోయే కొత్త ముద్రణలో అనువాదం, నాలుగో అధ్యాయంలోని వాదం నావి కావని రాయించాను. స్టేషన్‌కు పోయి ఆ కాగితాలు నావని వాంగ్మూలం ఇచ్చాను. కొత్త ఇన్‌చార్జికి ఏ కేసో అర్థం కాలేదు. "ఇప్పుడెందుకు సార్?" అన్నాడు. అలా అడగడం ఆయన తప్పు కాదు. ఇవన్నీ అయ్యాక నది దాటి సారు ఇంటికి పోయాను.

తలుపు కూతురు తీసింది. "రండి ప్రొఫెసర్ గారూ" అంది. అన్నా అనలేదు.

సారు బాగా సన్నబడ్డారు. మాట మాత్రం తగ్గలేదు.

"నీ పుస్తకం చదివించుకున్న. బాగుంది. నాలుగో అధ్యాయమైతే అచ్చం నేను చెప్పినట్టే ఉన్నది."

"సార్, ఆ రోజు..."

"ఆగు. ఆ రోజు నువ్వేం చేసినవో నా కండ్లతోని చూసిన. నాకు కొత్తగ చెప్పేదేముంది? చూడనోళ్ళున్నరు. ఆ గల్లీల వాళ్ళకు నేను ఇంకా బాంబుల మాస్టర్నే. పోయి వాళ్ళకు చెప్పు. ఏడ్పు మొహం ఈడ పెట్టకు."

"కొత్త ముద్రణలో మీ పేరు వేయించమంటారా సార్?"

ఆయన నవ్వారు. కూతురు జవాబు చెప్పింది. "వద్దు. నాన్న పేరు ఫోన్ల కొడితే ఇప్పటికీ ఆ పాత వార్తే వస్తది. ఇడిసిపెట్టిన వార్త ఒక్కడూ వెయ్యలే. మీరు ఇంకోసారి అచ్చేసి దాన్ని మళ్ళీ లేపొద్దు."

అందుకే ఈ వ్యాసంలో ఎవరి పేరూ, ఊరి పేరూ లేవు. ఈసారి ఆ నిర్ణయం వాళ్ళది.

"గల్లీల చెప్పేటప్పుడు నేనొస్త" అని ఆమె అంది. "చెప్పిన అని మీరొచ్చి చెప్తే నాన్న నమ్మడు."

సంత రోజు పోయాం. సారు దుకాణం ఉన్న చోట ఇప్పుడు మొబైల్ ఫోన్లు అమ్ముతున్నారు. మా నాన్న పోయాడు గాని, ఆయన తోటి వ్యాపారులు అవే గద్దెల మీద కూర్చుని ఉన్నారు. గల్లీ మధ్యలో నిలబడి చెప్పడం మొదలుపెట్టాను. క్లాసులో ఎప్పుడూ తడబడని గొంతు పిల్లి కూతలా వచ్చింది.

"ఇప్పుడెందుకయ్యా అవన్నీ, బేరాల టైములో" అని ఒక పెద్దాయన విసుక్కున్నాడు.

"చెప్పనీ శేఠ్ జీ" అని సారు కూతురు గట్టిగా అంది. ఆయన నోరు మూసుకున్నాడు.

తెలుగులో చెప్పాను. మొబైల్ షాపు కుర్రవాళ్ళు హిందీలో చెప్పమన్నారు. హిందీలో చెప్పాను. చింతపండు అమ్ముకునే ఒక అవ్వ, ఈయనెందుకు ఏడుస్తున్నాడని దోర్లీలో పక్కామెను అడిగింది. మా నాన్న దుకాణంలో నేర్చిన ఆ భాషలో, బేరాలు తప్ప ఏనాడూ ఏమీ మాట్లాడని ఆ భాషలో, మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. తప్పు అనే మాట దోర్లీలో నాకు వెంటనే దొరకలేదు. అవ్వే అందించింది.

ఆ తర్వాత సారు కూతురి వైపు తిరిగాను. ఇంత సేపూ ఆమె చేతులు కట్టుకుని వింటూ నిలబడే ఉంది.

"అమ్మా, ఆ కాగితాలు మీ ఇంటికి తెచ్చింది నేను. మీ నాన్నగారు వాటిని చదివి, తప్పని దిద్దారు. అది నాకు తెలుసు. టీఐ అడిగితే చెప్పలేనన్నాను. నువ్వు కాలేజీకి వచ్చి అడిగితే నీతులు చెప్పాను. ఆయన జైలుకు పోయింది, నీ ఉద్యోగం పోయింది, ఈ దుకాణం మూతపడింది నా వల్ల. నేను తప్పు చేశాను. నన్ను క్షమించమని మీ నాన్నగారిని, నిన్ను, ఈ గల్లీ అందరి ముందు అడుగుతున్నాను."